రంగప్ప కంటి దవాఖాన ముందు మారెవ్వ

రంగప్పను డాక్టరును చేసింది ఏ కాలేజీ కాదు, మా ఊరు. అదీ చాలా తేలిగ్గా చేసింది. కృష్ణ ఒడ్డున కరెంటు ప్లాంటు కడుతున్న రోజుల్లో అతను ఒక కంట్రాక్టరు దగ్గర, కూలీల దెబ్బలకు కట్లు కట్టే గదిలో పనికి కుదిరాడు. దూది అందించడం, కంపౌండరు అడిగిన సీసా తీసి ఇవ్వడం, సాయంత్రం గదికి తాళం వేయడం, ఇంతే పని. తన వంతు కట్టడం అయిపోయాక కంట్రాక్టరు పోయాడు, అతనితో కంపౌండరూ పోయాడు. రంగప్ప మాత్రం ఒక తెల్ల కోటు, ఒక టార్చిలైటు, ఒక స్టీలు ట్రే పట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. వాటిని చూసి మా వాళ్ళు అరుగుల మీది నుంచి లేచి నిలబడ్డారు. నిజంగా మందులు తెలిసిన ఆ కంపౌండరే వచ్చి ఉంటే కూర్చోమని పీట వేసేవాళ్ళో లేదో చెప్పలేను. అతనికి కోటు లేదు.

నేను చెప్పబోయేది రంగప్ప భార్య మారెవ్వ సంగతి. కానీ ఆమె బతుకులో అతను అడ్డంగా నిలబడి ఉన్నాడు కాబట్టి ముందు అతన్ని దాటాలి.

మారెవ్వ రాయచూరు పట్నం పిల్ల. బొరుగులు వేయించి అమ్మే ఇంట్లో పుట్టింది. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన అంగడిలో కూర్చుని, వచ్చినవాడు కొంటాడా, లేక రుచి చూస్తానని గుప్పెడు నోట్లో వేసుకుని పోతాడా అన్నది ముఖం చూసి చెప్పడం నేర్చుకుంది. ఆ విద్య పెళ్ళి చూపుల్లో ఎందుకో పని చేయలేదు. పని చేసినా ఆమెను అడిగినవాళ్ళు లేరు. కాపురానికి వచ్చిన కొత్తలోనే మొగుడి గురించి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ నిర్ణయాన్ని ఎవరి ముందూ దాచలేదు. ఆడవాళ్ళు బోరింగు దగ్గర "మీ ఆయన డాక్టరాయె, నీకేం తక్కువ" అంటే, ఆమె బిందె కింద పెట్టకుండానే జవాబు చెప్పేది.

"ఆ కోటు ఉతికేది నేను. దానికి డాక్టరీ అంటింది నాకెన్నడు కనబడలే. మసి మాత్రం మస్తుగ అంటింది."

మసి అన్నది ఉట్టి మాట కాదు. పొగగొట్టాలు ఒకటి తర్వాత ఒకటి లేచిన ఏళ్ళవి. గాలి మా వైపు తిరిగిన రోజున ఆరవేసిన బట్టల మీద, వడియాల మీద, ఎడ్ల వీపుల మీద సన్నటి బూడిద పడేది. కళ్ళల్లో పడకుండా ఎలా ఉంటుంది? ఊరంతా కళ్ళు నలుపుకుంటూ తిరిగేది. దాని మీద ఎండాకాలంలో కండ్లకలక, పిల్లలకు కంటి కురుపులు, పత్తి ఏరేవాళ్ళకు దురద, నలభై దాటినవాళ్ళకు సూదిలో దారం ఎక్కకపోవడం. ఇవి ప్రాణాలు తీసే జబ్బులు కావు. చాలా మటుకు నాలుగు రోజులు ఓపిక పడితే, శుభ్రమైన నీళ్ళతో కడుక్కుంటే పోయేవే. కానీ ఓపిక పట్టమన్నవాణ్ణి మా ఊరు ఎప్పుడూ గౌరవించలేదు.

రంగప్ప ఇంటి ముందు గదికి "కంటి దవాఖాన" అని కన్నడంలోనూ తెలుగులోనూ బోర్డు కట్టాడు. రెండింటిలోనూ తప్పులున్నాయి. లోపల అతని వైద్యమంతా పసుపుపచ్చ మూత ఉన్న ఒక చిన్న సీసాలో ఉండేది. కంపౌండరు దాన్ని ఎవరికి వేసేవాడో, ఎవరికి వేయకూడదనేవాడో అతను పట్టించుకోలేదు. అతను గమనించింది ఒక్కటే: అది రెండు చుక్కలు వేస్తే సాయంత్రానికి ఎరుపు పోతుంది. ఎరుపు పోతే రోగం పోయిందనుకునే ఊరికి అంతకంటే పెద్ద వైద్యం అక్కర్లేదు. బూడిద పడినవాడికీ ఆ చుక్కలే, దురద ఉన్నవాడికీ ఆ చుక్కలే, కలక వచ్చిన పిల్లకూ ఆ చుక్కలే. కురుపు లేస్తే సూది కాల్చి గుచ్చేవాడు. ముసలివాళ్ళకు రాయచూరు బజారు నుంచి తెచ్చిన కళ్ళజోళ్ళ కుప్పలోంచి ఒక్కొక్కటే పెట్టి "ఇది కనబడ్తదా, ఇది?" అని అడిగేవాడు. ఏదో ఒకటి సరిపోయేది. తగ్గినవి అతని గొప్ప. తగ్గనివి వాళ్ళ నుదుటి రాత. ఇంత సుఖమైన ఉద్యోగం ప్లాంటులో పెద్ద ఇంజనీరుకు కూడా ఉండి ఉండదు.

ఒక ఏడాది జొన్న కోతలయ్యాక కళ్లంలో తూర్పారబడుతుంటే గాలి ఉన్నట్టుండి మళ్ళింది. చేటలోంచి లేచిన పొట్టు మారెవ్వ ఎడమ కంట్లో పడింది. ఆమె కొంగుతో నలిపింది. నలిపితే లోపలికి పోయింది. పక్క కళ్లంలో ఉన్న హుచ్చమ్మ పరుగున వచ్చింది. ఆమె మా వీధి పెద్దమ్మ, వద్దన్నా సాయం చేసే మనిషి. రెప్ప తిప్పి నాలుకతో నాకి తీసింది. తర్వాత ఇంటికి పోయి కోడలితో చనుపాలు పిండించుకొచ్చి పోసింది. చల్లగా ఉంటుందని ఒక ఆకు నూరి పైన కట్టబోతే మారెవ్వ చెయ్యి తోసేసింది.

"అత్తా, ఇగ సాలు. కన్ను అనుకున్నవా, కూర అనుకున్నవా?"

ఇక్కడ మారెవ్వను కూడా వదిలిపెట్టలేను. అంత నోరున్న మనిషి, మొగుడి వైద్యం ఏపాటిదో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి, ఆ సాయంత్రం పోయి అతని ముందే బల్ల మీద కూర్చుంది. చిన్న నలుసు కోసం రాయచూరు ఎవరు పోతారనుకుంది. ఇంట్లో సీసా ఉండగా అనుకుంది. ఊరంతా అనుకునేదే ఆమె కూడా అనుకుంది.

రంగప్ప టార్చి వేసి చాలా సేపు చూశాడు. ఏం కనబడిందో దేవుడికే తెలియాలి. రెండు చుక్కలు వేశాడు. మర్నాటికి ఎరుపు పోయింది, నొప్పి తగ్గింది. ఇక అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. వచ్చిన ప్రతివాడి ముందుకూ ఆమెను పిలిచాడు.

"చూడున్రి. పరాయోళ్ళకు ఒకటి, ఇంటోళ్ళకు ఒకటి అని లేదు నా దగ్గర. మా ఇంటామెకు ఖుద్ ఇదే మందు ఏసిన."

మారెవ్వ పొయ్యి దగ్గరి నుంచి వచ్చి, కన్ను చూపించి, మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. తర్వాత తలచుకున్నప్పుడల్లా ఆమెను ఎక్కువ మండించింది అదేనట. కన్ను పోవడం కాదు, సంతలో దూడను చూపించినట్టు దాన్ని చూపించుకోవడం.

కొన్నాళ్ళకు ఎరుపు మళ్ళీ వచ్చింది. అతను చుక్కలు పెంచాడు. పోయింది. మళ్ళీ వచ్చింది, ఈసారి పోటుతో వచ్చింది. వెలుతురు చూడలేక ఆమె గది మూల కూర్చోవడం మొదలుపెట్టింది. నల్లగుడ్డు మీద మెంతిగింజంత తెల్లటి మచ్చ కనబడింది.

"గదేంది?" అని అడిగింది.

"పొర రాలుతున్నది. మంచిదే. రాలిపోతే సాఫ్ అయితది."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"చెప్పేదేముంది? అనుభవం."

ఆ మచ్చ రాలలేదు. పెరిగింది. ఒక ఉదయం మారెవ్వ ముఖం మీద కొంగు కప్పుకుని, అతనికి చెప్పకుండా, రోడ్డు మీద రాయచూరు బస్సు ఎక్కింది. కంటి ఆస్పత్రి ఎక్కడని అడుగుతూ పోయింది. అక్కడి డాక్టరమ్మ నడివయసు మనిషి, ఓపిక తక్కువ. మారెవ్వ చేతిలోని పసుపుపచ్చ మూత సీసా తీసుకుని చదివింది.

"ఇది ఎవరు పోశిన్రు?"

"మా ఇంటాయన."

"ఏం పని చేస్తడు?"

మారెవ్వ నోట్లోంచి "డాక్టరు" అన్న మాట వచ్చేసింది. ఇన్నేళ్ళూ ఏ మాట విని నవ్విందో ఆ మాటే. డాక్టరమ్మ పక్కనున్న నర్సు వైపు చూసింది. ఆ చూపు ఎలా ఉందో మారెవ్వ నాకు చాలాసార్లు చెప్పింది కానీ నాకు రాయడం చేతకాదు.

"పొట్టు గీరిన కాడ బూజు పట్టింది," అంది డాక్టరమ్మ. "ఈ మందు అన్నిటికీ కాదు. వేయాల్సిన జబ్బులు వేరే ఉన్నయి, చూసి వేస్తం. గీరిన కంట్ల వేస్తే ఎరుపు అణుస్తది, బూజుకు బలమిస్తది. ఎరుపు పోయింది మీకు కనబడ్తది. కన్ను పోయేది కనబడది. మొదటి దినమే నీళ్ళతోని కడుక్కొని ఇటు వచ్చుంటే, నలుసు తీసి చుక్కల మందిచ్చి పంపేదాన్ని."

ఆస్పత్రిలో పెట్టుకున్నారు. గంటగంటకూ మందు వేశారు. బూజు ఆగింది, గుడ్డు నిలిచింది. కానీ నల్లగుడ్డు నడిమధ్య ఆ తెల్లమచ్చ పువ్వై మిగిలింది. ఆ కంటితో ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది, ముఖం ముందు చెయ్యి ఆడిస్తే తెలుస్తుంది, అంతే.

రంగప్ప చూడటానికి వచ్చాడు. గేటు దాకా వచ్చాడు. లోపలికి పోతే మందు ఎవరిదని అడుగుతారు కాబట్టి గేటు దగ్గరే నిలబడి, లోపలికి పోతున్న ఎవరి చేతనో అరటిపండ్లు పంపించాడు. మారెవ్వ ఆ పండ్లు వార్డులో పంచిపెట్టింది.

ఆమె ఇంటికి వచ్చేసరికి అతను నల్ల కళ్ళద్దాలు కొని ఉంచాడు.

"ఇవి పెట్టుకో. ముల్లు గుచ్చుకున్నదని చెప్పు అడిగినోళ్ళకు. లేకుంటే ఇజ్జత్ పోతది."

"ఎవరిది?"

"ఇద్దరిదీ."

"నాది పోయేదేం లేదు. పోయేది పొయ్యింది," అని ఆమె అద్దాలు గూట్లో పెట్టింది.

మర్నాడు పొద్దున దవాఖాన తలుపు తెరిచే వేళకు మారెవ్వ వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చి, బోర్డు కింద, గడపకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. మొదట వచ్చింది ప్లాంటులో బొగ్గు దించే కూలి. కన్ను ఎర్రగా ఉంది.

"ఇటు చూడు," అంది. "నా కంట్ల ఇదే సీసా పోశిండు. కడుక్కొని ఇంట్ల కూసో. నొప్పి ఉంటే, చూపు మసకగ ఉంటే, వెలుగు చూడలేకుంటే రాయచూరు బస్సెక్కు. కాదంటవా, లోపలికి పో. నీ కన్ను నీ ఇష్టం."

అతను ఆ పువ్వు వేసిన కన్ను చూసి వెనక్కి తిరిగాడు. ఆమె సంతోషపడింది. ఊరు మారిపోతుందనుకుంది. అదీ ఆమె తెలివితక్కువతనమే.

ఎందుకంటే సంగతి తెలిశాక మా ఊరివాళ్ళు రాయచూరు పోలేదు, పెరటి దారి కనుక్కున్నారు. రంగప్ప రోగుల బల్లను కొట్టం పక్కకు మార్చాడు. దొడ్లోంచి, పేడ తొక్కుకుంటూ, మారెవ్వకు కనబడకుండా వంగి వంగి పోయి, చుక్కలు వేయించుకుని వచ్చేవాళ్ళు. ఆమె పీట తీసుకుని పెరట్లో కూర్చుంటే వీధి వైపు నుంచి దూరేవాళ్ళు. కంటి జబ్బు లేనివాళ్ళు కూడా తమాషా చూడటానికి వచ్చేవాళ్ళు. హుచ్చమ్మ అందరి తరఫునా వచ్చి నచ్చజెప్పింది.

"మీ మొగుడు పెండ్లాల కొట్లాట మా కండ్ల మీద ఎందుకు తీస్తున్నవ్ బిడ్డా? ఆయన చెయ్యి మంచిదని ఊరంత అంటరు."

"చెయ్యి మంచిదైతే పొలం దున్నాలె. కండ్లల్ల ఏలు పెట్టుడెందుకు?"

"నీకు గిట్లయిందని అందరికి గిట్లనే అయితదా?"

"కాదు. పది మందికి కాకపోవచ్చు. పదకొండో మనిషివి నువ్వైతే?"

జవాబు లేకపోవడం మా ఊళ్ళో ఎవరినీ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. హుచ్చమ్మ ఆ మధ్యాహ్నమే పెరటి దారిన పోయి చుక్కలు వేయించుకుంది.

వరి నూర్పిళ్ళ రోజుల్లో ఒక ట్రాక్టరు వచ్చి ఇంటి ముందు ఆగింది. కాలువ కింద కేంపు వేసుకుని స్థిరపడి వరి పండించుకునే కోస్తా రైతు బాపయ్య, అతని భార్య బుల్లెమ్మ. రంగప్ప పేరు అంత దూరం పోయిందన్నమాట. బుల్లెమ్మ కంటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏమ్మా, కళ్ళ డాక్టరుగారి ఇల్లు ఇదేనా?" అన్నాడు బాపయ్య.

"రంగప్ప ఇల్లు ఇదే. డాక్టర్ ఇల్లు కాదు. ఏమైందమ్మకు?"

"నూర్చేటప్పుడు వడ్లనూగు పడిందండి. నిన్నంతా నీళ్ళు కారుతూనే ఉంది. వెలుతురు చూడలేకపోతోంది."

మారెవ్వ పీట మీది నుంచి లేచింది. "బండి దిగొద్దు. సీదా రాయచూరు పోన్రి."

బాపయ్యకు కోపం వచ్చింది. "ఇంత దూరం వచ్చింది తిరిగి పోవడానికాండీ? ఆయన మందేస్తే పూటకల్లా తగ్గుతుందని మా కేంపులో చెబితేనే వచ్చాం."

లోపలి నుంచి రంగప్ప కోటు బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. మారెవ్వ అతని వైపు చూడలేదు. ట్రాక్టరు దగ్గరికి పోయి, ముఖం మీది కొంగు తీసి, తల ఎత్తి బుల్లెమ్మకు చూపించింది. బుల్లెమ్మ తువ్వాలు తీసి, మంచి కంటితో ఆ పువ్వు వేసిన కంటిని చూసింది.

"ఏవండీ, నేనిక్కడ దిగను," అంది. "బండి పోనీండి."

మారెవ్వ కూడా ఎక్కి కూర్చుంది. ఆ ఓపిక తక్కువ డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయింది. నూగు తీశారు, గీరుకున్నచోటు చూశారు, మందు ఇచ్చి మళ్ళీ మళ్ళీ రమ్మన్నారు. బుల్లెమ్మ కన్ను మచ్చ లేకుండా బాగయింది.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత జరిగింది వినండి. కొన్నాళ్ళకు బాపయ్య కొత్తబియ్యం బస్తా వేసుకుని వచ్చాడు. ఆ వేళకు మారెవ్వ ఏటికి బట్టలు తీసుకుపోయింది. అరుగు మీద తెల్లకోటుతో రంగప్ప ఉన్నాడు. బాపయ్య అతని ముందు బస్తా దింపి చేతులు జోడించాడు.

"మీ గడపలోకి వచ్చిన వేళ మంచిదండి. మా ఆడమనిషి కన్ను నిలిచింది."

రంగప్ప "నాదేముంది, అంత దేవుని దయ" అన్నాడు. బస్తా లోపల పెట్టించాడు. సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది: రాయచూరు డాక్టర్లు చేసిందేమీ లేదు, రంగప్ప వాకిట్లో బండి ఆగగానే సగం తగ్గిందట. పెరటి దారిలో రద్దీ పెరిగింది. బాపయ్య మంచివాడే, పొలంలో చీడ చూసి మందు పేరు చెప్పగలిగినవాడు. కానీ కృతజ్ఞత చూపించాలంటే అతనికి కూడా ఒక కోటు కావలసి వచ్చింది.

మారెవ్వ బట్టలతో తిరిగివచ్చి బస్తా చూసింది, కథ విన్నది. ఆ బియ్యం పారబోస్తుందేమోనని వీధివాళ్ళు ఎదురు చూశారు. ఆమె సుబ్బరంగా చెరిగి, కడిగి, ఎసట్లో పోసింది.

"ఇవి నా బియ్యం," అంది. "ఆయనకు వడ్డిస్తున్న, అదే ఎక్కువ."

ఆ వేసవి ముందు రాయచూరు కంటి ఆస్పత్రి నుంచి శృతి అనే అమ్మాయి వచ్చింది. పల్లెల్లో తిరిగి, చిన్న చిన్న కంటి బాధలకు ఇంట్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పడం ఆమె ఉద్యోగం. బడి గదిలో సభ పెట్టారు. పంచాయతీ పెద్దలు ఊరి పరువు నిలబెట్టాలనుకుని రంగప్పను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఆ అమ్మాయికి తెచ్చిన దండల్లోంచి ఒకటి అతని మెళ్ళో కూడా వేశారు. శృతికి అతనెవరో తెలియదు, నమస్కారం పెట్టింది.

ఆమె కన్నడం కలిసిన తెలుగులో నింపాదిగా చెప్పింది. కంట్లో ఏదైనా పడితే నలపకండి, చెయ్యి కడుక్కుని శుభ్రమైన నీళ్ళు ధారగా పోయండి. కురుపు లేస్తే గుచ్చకండి, వేడి గుడ్డతో కాపండి. కలక వస్తే తువ్వాలు, దిండు వేరు పెట్టుకోండి. చనుపాలు, ఆకుపసర్లు, తేనె, ఇంకొకరికి ఇచ్చిన చుక్కలు కంట్లో వేయకండి. నొప్పి, మసక, తెల్లమచ్చ, వెలుగు చూడలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి రండి. జనం తలలూపారు. మా వాళ్ళు తల ఊపడంలో ఎప్పుడూ లోటు చేయరు.

ఆ రోజు గాలి ప్లాంటు వైపు నుంచి వీస్తోంది. కిటికీ రెక్కలు లేని గది. రంగప్పకు ఒక మాట మాట్లాడమని పెద్దలు చెప్పగా అతను లేచి గొంతు సవరించుకున్నాడు. అంతలో ఏదో నలుసు కంట్లో పడింది. కన్ను మూసుకుని, తల వంచి, "జర నీళ్ళు తెప్పియ్యున్రి" అన్నాడు.

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న మారెవ్వ లేచింది. ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి అతని దగ్గరికి వచ్చింది. అతని కోటు జేబులో చెయ్యి పెట్టి పసుపుపచ్చ మూత సీసా తీసి, మూత విప్పి, చేతికిచ్చింది.

"నీళ్ళెందుకు? ఏసుకో."

అతను తీసుకోలేదు.

"అందరికి ఏశినవ్. నాకు ఏశినవ్. నీ కంట్ల పడ్డది ఇయ్యాల. ఏసుకో."

"ఇంట్లకు నడువ్. నలుగుర్ల ఏంది ఇది?"

"ఏసుకుంటే నడుస్త."

"దీనికి మందు అక్కర్లేదు. నీళ్ళతోని కడిగితే పోతది," అన్నాడు రంగప్ప, విసుగ్గా, తానేమంటున్నాడో చూసుకోకుండా.

మారెవ్వ అదే గొంతుతో అడిగింది. "మరి వీళ్ళకెందుకు నీళ్ళు చెప్పలే? నాకెందుకు చెప్పలే?"

రంగప్ప దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. ఒక కంట నీరు కారుతోంది. ఆ గదిలోని మనుషులందరినీ, రెండో కంటితో, ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా చూశాడు. అతను జన్మలో చెప్పిన నిజం ఒక్కటే అయితే అది అప్పుడే చెప్పాడు.

"నీళ్ళు పోసుకో పో అంటే, ఎవడొస్తుండె నా దగ్గరికి? నీళ్ళు చెప్పినోన్ని వీళ్ళు డాక్టర్ అంటుండెనా?"

పంచాయతీ పెద్దలు కిటికీలోంచి బయటికి చూశారు. శృతి లేచి, చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్ళు తెచ్చి, అతని తల పక్కకు వంచి, సన్నగా ధార పోసింది. నలుసు పోయింది. ఎలా చేయాలో ఊరంతా చూసింది. ఆ రోజు సభలో నిజంగా జరిగిన బోధన అదొక్కటే.

దవాఖాన బోర్డు దిగింది. సిగ్గుతో దిగిందని మాత్రం అనుకోకండి. కొంతకాలానికి రంగప్ప వారానికొకసారి సంచి పట్టుకుని బస్సెక్కడం మొదలుపెట్టాడు. మస్కి సంతలో, గొడుగు కింద, తెల్లకోటు వేసుకుని చుక్కలు వేస్తున్నాడని తెలిసింది. అక్కడ తన భార్యను ఎరిగినవాళ్ళెవరూ లేరని అతని ధైర్యం. తర్వాతి సంతనాడు మారెవ్వ ముక్కాలిపీట ఒళ్ళో పెట్టుకుని అదే బస్సులో, వెనక సీట్లో కూర్చుంది. మస్కిలో దిగి, అతని గొడుగు పక్కన పీట వేసుకుని, ముఖం మీది కొంగు తీసి కూర్చుంది. కంటికేమైందని అడిగినవాళ్ళకు గొడుగు వైపు వేలు చూపించింది. వచ్చినవాళ్ళు ఆమె కన్ను చూసి, గొడుగు చూసి, పక్కకు పోయారు. మధ్యాహ్నం కాకముందే రంగప్ప సంచి సర్దుకున్నాడు. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారట, వేరే చోటు లేక.

తర్వాత అతను దగ్గరి చూపు ఆననివాళ్ళకు కళ్ళజోళ్ళు మాత్రం అమ్ముకున్నాడు. ముందు ఆస్పత్రిలో చూపించుకుని రమ్మని చెప్పే షరతు మీద మారెవ్వ దానికి ఒప్పుకుంది. కోటు మాత్రం అతను వదల్లేదు. దాన్ని ఉతకడం ఆమె మానేసింది.

ఇక మారెవ్వకు ఊరు ఏం చేసిందో చెప్పి ముగిస్తాను. ఒక దండ వేసిందా, లేదు. ఒక మంచి మాట అన్నదా, లేదు. అంతకంటే పెద్ద అవమానం చేసింది. ఒక మంగళవారం పొద్దున ఆమె తలుపు తీసేసరికి వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు పిల్లలను ఎత్తుకుని కూర్చున్నారు. ఆమె కన్ను పోయింది కాబట్టి అందులో ఏదో మహిమ వచ్చిందని, ఆమె ఊదితే కళ్ళు బాగవుతాయని హుచ్చమ్మ ప్రచారం చేసింది. ఒకామె కొబ్బరికాయ కూడా తెచ్చింది.

"డాక్టరమ్మా, జర ఊదు," అంది ఆ మనిషి.

మారెవ్వ అంత కోపంగా ఉండగా ఎవరూ చూడలేదట. కొబ్బరికాయ తీసుకుని వీధిలోకి విసిరింది. "నీళ్ళు మీ ఇంట్ల ఉన్నయి. సబ్బు అంగట్ల ఉన్నది. బస్సు రోడ్డు మీద ఉన్నది. నా నోట్ల గాలి తప్ప ఏం లేదు. లెవ్వున్రి," అని వాళ్ళను లేపింది. కానీ పిల్లల కళ్ళు చూడకుండా పంపలేదు. ముగ్గురివి ఉట్టి పుసులు, కడగమంది. నాలుగో పిల్ల వెలుగు చూడలేక తల్లి భుజంలో ముఖం దాచుకుంటోంది. ఆ తల్లిని రెక్క పట్టుకుని రోడ్డు దాకా నడిపించి, బస్సు ఆపి ఎక్కించింది. ఆ తల్లి దారంతా తిట్టింది, ఊదితే పోయేదానికి ఇంత దూరం పంపుతున్నదని.

హుచ్చమ్మకు కళ్ళల్లో శుక్లాలు ముదిరినప్పుడు కూడా మారెవ్వే తీసుకుపోయింది. ఆపరేషన్ అయి, కట్టు విప్పిన రోజున, ముసలమ్మ మంచం మీద కూర్చుని చాలా కాలం తర్వాత మనుషుల ముఖాలు చూసింది. మారెవ్వ ముఖం వైపు తేరిపార చూసి, "అయ్యో, నీ కన్ను ఇంత అన్యాయమైందా బిడ్డా, నాకెవరూ చెప్పలే" అంది.

మారెవ్వ ఆమె చేతికి చుక్కల మందు ఇచ్చి, ఏ పూట ఎన్ని వేసుకోవాలో మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.